డిస్కో పాడాలనుకునేవాళ్ళకి: దరువు మీద గొంతు, కాగితం మీద పేరు

డిస్కోలో డ్రమ్స్ ఎవరికోసమూ ఆగవు. నాలుగు లెక్కల తాళంలో ప్రతి లెక్కకీ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడుతుంది. 2, 4 లెక్కల మీద స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్) గానీ చప్పట్లు గానీ పడతాయి. లెక్కకీ లెక్కకీ మధ్య హై-హ్యాట్ (జంట తాళాలు) తెరుచుకుని ‘చ్స్’ మంటుంది. ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ వాళ్ళ ‘ది లవ్ ఐ లాస్ట్’ పాటకి వేసిన దరువు ఇదే. తర్వాత వచ్చిన డిస్కోలో చాలా భాగం దీని మీదే నడిచింది.

ఇంత బిగువైన దరువు ఉన్నప్పుడు పాడేవాళ్ళు ఇంకో దరువు కలపనక్కర్లేదు. యంత్రంలా నడిచే ఆ తాళం మీద మనిషి గొంతు వినిపించడమే వాళ్ళ పని. ఈ పాటల్లో పేరు తెచ్చుకున్న గొంతుల్లో చాలా వరకు చర్చి పాటల్లో పెరిగినవే కావడం అందుకే కాకతాళీయం కాదు. డోనా సమ్మర్, లొలియాటా హాలోవే, సిల్వెస్టర్, మార్తా వాష్ అందరూ అక్కడినుంచి వచ్చినవాళ్ళే.

లెక్కలు ముందు

డిస్కో వేగం మామూలుగా నిమిషానికి 110 నుంచి 130 బీట్ల మధ్య ఉంటుంది. సాధనకి 120 పెట్టుకోండి, లెక్క తేలిక. ఒక బీటు (ఒక లెక్క) అర సెకను, ఒక బార్ (నాలుగు బీట్లు) 2 సెకన్లు, 4 బార్లు 8 సెకన్లు, 16 బార్లు 32 సెకన్లు. ఊపిరి ఎక్కడ తీయాలి, పల్లవి ఎంతసేపు లాగాలి, స్టేజీ మీద రెండు మాటలు మాట్లాడే వ్యవధి ఎంత, అన్నీ ఈ నాలుగు అంకెల్లోంచే వస్తాయి.

మొదట బాణీ పక్కన పెట్టి సాహిత్యాన్ని మాటల్లా చదవండి. మెట్రోనోమ్ (టక్ టక్‌మని లెక్క వినిపించే పరికరం) 100 మీద పెట్టి, 2, 4 లెక్కలకి చప్పట్లు కొడుతూ చదవాలి. ఇక్కడే మొదటి తప్పు బయటపడుతుంది. ‘స్నేహం’ అనే మాట 1వ లెక్క మీద పడాలనుకోండి. చాలామంది కిక్ వినపడగానే ‘స్’ మొదలుపెడతారు. ‘స్న్’ అనేసరికి దాదాపు పదో వంతు సెకను పోతుంది, చెవికి లెక్కలా తోచే ‘ఏ’ అచ్చు ఆ మేరకి వెనకబడుతుంది. పాట ఈడ్చినట్టు ఉందని అందరూ అంటారు, ఎందుకో ఎవరికీ అంతు చిక్కదు. హల్లుని లెక్కకి ముందే పలికేసి, అచ్చుని కిక్‌తో కలిపి వదలండి. ఫోన్‌లో రికార్డు చేసి తరంగాన్ని పెద్దది చేసి చూస్తే అచ్చు ఎక్కడ మొదలైందో కంటికే తెలిసిపోతుంది.

వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే వేగం 4 బీట్లు పెంచండి. అలా 128 దాకా వెళ్ళి వెనక్కి 120కి రండి. ఆ తర్వాత మెట్రోనోమ్‌ని 60కి తగ్గించి, దాని దెబ్బల్ని 2, 4 లెక్కలనుకుని పాడండి. చివరి పరీక్ష: 4 బార్లు మెట్రోనోమ్ మోగాలి, 4 బార్లు మౌనంగా ఉండాలి. చాలా యాప్‌లలో ఈ ఏర్పాటు ఉంటుంది. మౌనం ముగిశాక దెబ్బ మీ కంటే వెనక పడితే మీరు పరిగెత్తుతున్నట్టు. సాధారణంగా తారస్థాయికి ఎక్కేటప్పుడు పరిగెడతాం, కింది స్థాయిలో వెనకబడతాం.

ఊపిరి సంగతి. 120 వేగంలో అర బీటు అంటే పావు సెకను. డిస్కోలో దొరికే వ్యవధి చాలాచోట్ల అంతే. వాక్యం ఎక్కడ ముగిస్తే అక్కడ ఊపిరి తీద్దామంటే కుదరదు. ముందు స్వరం తోకని అర బీటు కోసి, ఆ ఖాళీలో నోటితో, చప్పుడు లేకుండా తీసుకోవాలి. కాగితం మీద ప్రతి ఊపిరికీ టిక్కు పెట్టుకుని, ప్రతిసారీ అక్కడే తీయండి. నాలుగైదు వాక్యాలయ్యేసరికి ఛాతీ బిగిసి ఊపిరాడనట్టు అనిపిస్తే గాలి చాలక కాదు, ఎక్కువై. వాడని గాలి మీదే ఇంకా గాలి నింపుతున్నారు. అలాంటప్పుడు రెండు టిక్కులు చెరిపేయండి, సర్దుకుంటుంది.

శృతి ఎంచుకోవడం

పల్లవిలో అన్నిటికంటే పై స్వరం ఏదో చూసుకోండి. ఆరేడు నిమిషాల పాటలో అది ఇరవైసార్లు రావచ్చు. మీరు నిండు గొంతుతో 4 లెక్కల పాటు నిలపగలిగే గరిష్ఠ స్వరం కంటే ఇది కనీసం 2 సెమిటోన్లు, అంటే కీబోర్డు మీద నలుపూ తెలుపూ కలిపి రెండు మెట్లు, కింద ఉండాలి. ఒక్కసారి అందుకోగలగడం ఇక్కడ లెక్కలోకి రాదు.

కింది హద్దు కూడా చూసుకోవాలి. చరణం మరీ మంద్రంలోకి జారితే బేస్ గిటార్, కిక్ కలిసి గొంతుని మింగేస్తాయి. ఇంట్లో బాగా వినిపించింది క్లబ్బులో మాయమవుతుంది. పై, కింద హద్దులు రెండూ కుదరకపోతే శృతి ముట్టుకోకుండా చరణంలో ఆ రెండు మూడు కింది స్వరాలనే మార్చండి. వినేవాళ్ళు పల్లవిని గుర్తుపెట్టుకుంటారు, చరణంలో ఓ స్వరం మారితే ఎవరూ పట్టించుకోరు.

ఒక హెచ్చరిక: ఆ కాలపు రికార్డులు పెట్టుకుని వాటితో మీ గొంతుని కొలుచుకోకండి. వేగం కోసం టేపుని కాస్త తొందరగా తిప్పడం అప్పట్లో మామూలే, దాంతో గొంతు అసలు శృతి కంటే పైకి లేచేది. గాయని గ్లోరియా గేనర్ తొలి డిస్కో హిట్లు అలా పైకి లేపినవే. 1978 నాటి ‘ఐ విల్ సర్వైవ్’ని మాత్రం అలా చేయలేదు, వెనక కోరస్ కూడా పెట్టలేదు. గొంతు సహజంగా ఎక్కడ కూర్చుంటుందో తెలియాలంటే అది వినండి.

స్టూడియోలో

పెద్ద డయాఫ్రం ఉన్న కండెన్సర్ మైకు అయితే 15 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. పాప్ ఫిల్టర్ (‘ప’ లాంటి హల్లుల గాలి దెబ్బని ఆపే తెర) మైకుకీ మీకూ మధ్య, మైకుకి 10 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు అన్నిటికంటే గట్టి స్వరం మీటరు మీద మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు చూసుకుంటే చాలు. వార్మప్‌లో పెట్టిన లెవెల్ నమ్మకండి, పల్లవి మూడోసారి వచ్చేసరికి అందరూ ఇంకో 6 డెసిబెల్స్ ఎక్కువ అరుస్తారు.

హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి పాడితే శృతి బాగా నిలుస్తుంది. కానీ తీసిన వైపునుంచి క్లిక్ (హెడ్‌ఫోన్‌లో లెక్క చెప్పే శబ్దం) కారి మైకులోకి వెళ్తుంది, సంగీతం ఆగే చోట అది వినిపిస్తుంది. తీసిన వైపు స్పీకర్‌ని ఇంజనీరు చేత మూయించి, క్లిక్ బదులు హై-హ్యాట్ పెట్టించుకోండి.

మెయిన్ గొంతుని నాలుగైదు సార్లు మొదట్నుంచి చివరిదాకా పాడి, బాగున్న ముక్కలు ఏరుకోవడం మేలు. ఒక్కో వాక్యం పంచ్ చేసుకుంటూ, అంటే విడివిడిగా రికార్డు చేసి అతికించుకుంటూ, పోతే ప్రతి వాక్యమూ శుభ్రంగానే ఉంటుంది, పాట మాత్రం ఎక్కడా పైకి లేవదు. తర్వాత పల్లవికి మాత్రమే అదే గొంతుతో డబుల్ పాడండి, అంటే అదే వరసని ఇంకోసారి పాడి మొదటిదాని మీద కలపాలి. చరణానికి డబుల్ వద్దు, మాట దగ్గరగా వినిపించాల్సింది అక్కడే.

కోరస్‌కి మూడు స్వరాలు, ఒక్కోటీ రెండేసి టేకులు, మొత్తం ఆరు. ఇక్కడ ‘స’, ‘ష’, ‘ట’లు గొడవ చేస్తాయి. ఆరు ట్రాకుల్లో ఆరు ‘స్’లు తలో క్షణంలో పడి, నిప్పు మీద నీళ్ళు చల్లినట్టు ‘స్స్స్’ అంటుంది. ఒక్క ట్రాకులోనే హల్లులు స్పష్టంగా పలికి, మిగతా ఐదింట్లో వాటిని దాదాపు మింగేయండి. ‘ప్రేమిస్తా’ అనే మాటని ఐదు ట్రాకుల్లో ‘ప్రేమి(…)తా’ అనేసినా కలిపి వింటే ఎవరికీ తెలియదు.

పొడుగు వెర్షన్‌కి ఏం పాడాలి

రేడియోకి 3, 4 నిమిషాల పాట సరిపోతుంది, డాన్స్ ఫ్లోర్‌కి కాదు. 1975లో డోనా సమ్మర్ ‘లవ్ టు లవ్ యూ బేబీ’ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఒక వైపంతా, దాదాపు 17 నిమిషాలు సాగింది. 1976లో డబుల్ ఎక్స్‌పోజర్ పాడిన ‘టెన్ పర్సెంట్’ని డీజే వాల్టర్ గిబ్బన్స్ దాదాపు 10 నిమిషాలకి పెంచి కలిపాడు. జనానికి అమ్మిన మొదటి 12 అంగుళాల సింగిల్ అదే. అలాంటి వెర్షన్‌లో మొదటి 16 నుంచి 32 బార్లు, చివరి 16 నుంచి 32 బార్లు ఉత్త డ్రమ్స్ ఉంచుతారు, డీజే ఒక పాటలోంచి ఇంకోదానిలోకి జారేది అక్కడే. ఆ భాగంలో నోరు మెదపకండి. మీ ఆలాపన ముందు పాట పల్లవి మీద పడితే రెండు శృతులు కొట్టుకుంటాయి, డీజే మళ్ళీ మీ పాట పెట్టడు.

మెయిన్ గొంతు ఓకే అయ్యాక, ఇంటికెళ్ళే ముందు, 64 బార్ల ఖాళీ సంగీతం వేయించుకోండి. 120 వేగంలో అది 2 నిమిషాల 8 సెకన్లు. మూడు టేకులు తీయండి. ఒకదాంట్లో పల్లవి ముక్కలు మాత్రమే, ఇంకోదాంట్లో మాటలు లేని కేకలూ విరుపులూ, మూడోదాంట్లో ఒకే మాటని రకరకాలుగా. ప్రతి ముక్క తర్వాతా 2 బార్లు ఖాళీ వదిలితే ఎడిటింగ్‌లో ఎక్కడైనా కోసి అతికించుకోవచ్చు. ఖాళీ లేకుండా ధారగా పాడినవాళ్ళ టేకులు వినడానికి అద్భుతంగా ఉంటాయి, వాడుకోవడానికి పనికిరావు.

స్టేజీ

క్లబ్బు ప్రోగ్రాంలో చాలావరకు బ్యాండ్ ఉండదు. ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) మీద 20, 25 నిమిషాలు, ఐదు పాటలు. ట్రాక్‌లో మెయిన్ గొంతు పూర్తిగా తీసేసి కోరస్ ఉంచండి. భరోసా కోసం మీ గొంతునే సన్నగా వదిలితే, మీరు నవ్వి ఒక మాట మింగినప్పుడు అది ట్రాక్‌లోంచి వినిపించి పరువు తీస్తుంది. ఫైళ్ళు ఎంపీ3 కాకుండా వేవ్‌లో, రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఫోన్‌లో మరో కాపీ. ముందే ఒకసారి మోనోలో (కుడి, ఎడమ శబ్దాలు కలిపేసి ఒక్కటిగా) వినండి. చాలా క్లబ్బుల్లో సౌండ్ మోనోలోనే నడుస్తుంది. స్టీరియోలో వెడల్పు చేసిన కీబోర్డులు, వయొలిన్లు అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైతే శృతి పట్టుకోవడానికి మీకు ఆధారం ఉండదు.

సౌండ్‌చెక్‌కి 15 నిమిషాలే దొరికితే ఈ వరసలో వెళ్ళండి: ముందు ట్రాక్‌ని అసలు ప్రోగ్రాం స్థాయిలో పెట్టించండి, తర్వాత ఎఫెక్టులు లేకుండా మైకు, ఆ తర్వాత మోనిటర్ (స్టేజీ మీద మీ వైపు తిప్పి పెట్టే స్పీకర్), అన్నిటికంటే చివర రివెర్బ్ (గొంతుకి ప్రతిధ్వని కలిపే ఎఫెక్టు). మోనిటర్‌లో మీ గొంతు, కిక్, స్నేర్, ఒక్క కీబోర్డు చాలు.

మోనిటర్ గురించి పట్టుబట్టడానికి కారణం ఉంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఎదురుగోడ 17 మీటర్ల దూరంలో ఉంటే పెద్ద స్పీకర్లలోంచి వెళ్ళిన దరువు గోడకి తగిలి మీ చెవికి చేరేసరికి పదో వంతు సెకను ఆలస్యం. హాల్లోంచి వచ్చే శబ్దాన్ని పట్టుకుని పాడితే మీరు ఆ మేరకు వెనకే ఉంటారు. సాధనలో లయ తప్పనివాళ్ళు పెద్ద హాల్లో ఈడ్చడానికి చాలాసార్లు ఇదే కారణం.

మైకు జాలీని గుప్పిట్లో మూయకండి. ఒక వైపునుంచే వినేలా చేసే కంతలు దాని వెనక భాగంలో ఉంటాయి. అవి మూసుకుంటే మైకు అన్ని వైపులనుంచీ వింటుంది, మోనిటర్ శబ్దం దాంట్లోకి వెళ్ళి కూత పెడుతుంది. చరణంలో పెదవికి 2, 3 సెంటీమీటర్లు, పై స్వరాల్లో 15 సెంటీమీటర్ల దాకా దూరం జరపండి.

ఆడుతూ పాడటానికి సాధన ఇది: 120 వేగంలో బీటుకో అడుగు చొప్పున చురుగ్గా నడుస్తూ పాట మొత్తం పాడాలి. స్వరం అడుగు పడినప్పుడల్లా అదిరితే మడమ ముందు మోపుతున్నారన్నమాట, మోకాలు కాస్త వంచండి. పెద్ద స్టెప్పులు సంగీతం బిట్లలో పెట్టుకోండి. తల ఎటు తిరిగినా మైకు దానితో తిరగాలి.

పాటల వరస: మొదటిది మీ గొంతు మధ్యస్థాయిలో ఉండేది, అన్నిటికంటే కష్టమైనది మూడోది, జనానికి బాగా తెలిసినది ఆఖరిది. వేగం 116 దగ్గర మొదలై 126 వైపు ఎక్కితే గది తనంతట తనే లేస్తుంది.

గొంతు పాడయ్యేది పాడినప్పుడు కాదు

పాట అయ్యాక స్పీకర్ల పక్కన నిలబడి అరుస్తూ కబుర్లు చెప్పినప్పుడు పాడవుతుంది. ప్రోగ్రాం ముందు, తర్వాత ఆ చప్పుడులో మాట్లాడకండి. గుసగుస కూడా విశ్రాంతి కాదు, గొంతుని బిగిస్తుంది. పొగ యంత్రం ఉంటే దాని మూతి మీ వైపు లేకుండా ముందే చెప్పండి. నీళ్ళు ఎక్కేముందు గటగటా తాగితే స్వరతంతులకి తడి చేరదు, రెండు మూడు గంటల ముందునుంచీ కొద్దికొద్దిగా తాగాలి. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి.

చెవులు అంతకంటే ముఖ్యం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలే. మీ పాట రాకముందు గంటసేపు హాల్లో నిలబడాల్సి వస్తే ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి.

కాగితం

డిస్కో గాయకుల జీవితాల్లో గొంతు పోయి నష్టపోయినవాళ్ళ కంటే, తమ గొంతు ఇంకొకరి పేరు మీద తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. లొలియాటా హాలోవే 1980లో ‘లవ్ సెన్సేషన్’ పాడింది. 1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం ఆ గొంతు ముక్కల్ని ‘రైడ్ ఆన్ టైం’లో వాడింది. అది బ్రిటన్‌లో 6 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వీడియోలో పెదవులు కదిపింది మాత్రం ఒక మోడల్. హాలోవే లాయర్ల ద్వారా పోరాడి పరిహారం తెచ్చుకోవాల్సి వచ్చింది. 1991లో ‘గుడ్ వైబ్రేషన్స్’లో అదే పాట ముక్కల్ని వాడినప్పుడు మాత్రం ఆమె పేరు వేశారు. మార్తా వాష్‌దీ అదే కథ. బ్లాక్ బాక్స్ పాటలకీ, 1990లో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ పాటకీ గొంతు ఆమెది, వీడియోల్లో ముఖం వేరేవాళ్ళది. కోర్టుకెళ్ళాకే దారికొచ్చారు.

కాబట్టి స్టూడియో గుమ్మం దాటకముందే రాత పని అయిపోవాలి. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. సాహిత్యమో బాణీయో మీ చెయ్యి పడి ఉంటే మొదటిదాంట్లో మీ వాటా ఎంత శాతమో ఒక కాగితం మీద రాసి అందరూ ఆ రోజే సంతకం పెట్టాలి. హిట్టయ్యాక జ్ఞాపకాలు మారిపోతాయి. ఒకేసారి డబ్బు తీసుకుని పాడుతున్నా సరే, ఏ పాటకి, ఏ వెర్షన్‌కి అన్నది ఒప్పందంలో ఉండాలి. ‘అన్ని రకాల వాడకాలకీ’ అనే మాట కనిపిస్తే ఆగండి. విడి గొంతు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని ఇంకో పాటలో, ప్రకటనలో వాడితే ఎంత ఇస్తారు, కంప్యూటర్‌తో మీ గొంతుకి నకలు చేయొచ్చా లేదా, మీ గొంతుకి వేరేవాళ్ళు పెదవులు కదపొచ్చా, ఇవి నాలుగూ విడివిడిగా అడగండి. పేరు ఎలా వేయాలో అక్షరం అక్షరం రాయించి, పాట విడుదలయ్యే ఫైలు సమాచారంలో కూడా అలాగే ఉందో లేదో చూసుకోండి. ఒక్కో రికార్డింగ్‌కి గుర్తింపుగా ఇచ్చే ఐ.ఎస్.ఆర్.సి. నంబరు అడిగి తీసుకుని, గాయకులకి రాయల్టీ వసూలు చేసే సంఘంలో నమోదు చేయించండి. ఆ నంబరు లేకపోతే మీ డబ్బు మీదేనని నిరూపించడం కష్టం.

ప్రోగ్రాంలకి సగం అడ్వాన్సు తేదీ ఖాయం చేసినప్పుడు, మిగతా సగం స్టేజీ ఎక్కకముందు. ఇందులో మొహమాటం వద్దు.

గాలి మారినప్పుడు

1979 జూలై 12న షికాగో కొమిస్కీ పార్కులో, రెండు బేస్‌బాల్ ఆటల మధ్య, డిస్కో రికార్డులు గుట్టపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగనే లేదు. 1980లో గ్రామీ వాళ్ళు డిస్కోకంటూ ఒక బహుమతి పెట్టి, ‘ఐ విల్ సర్వైవ్’కి ఇచ్చి, మరుసటి ఏడాది ఆ విభాగాన్నే ఎత్తేశారు. డోనా సమ్మర్ 1980లోనే రాక్ వైపు జరిగిన ఆల్బమ్‌తో వచ్చింది. గ్లోరియా గేనర్‌కి రెండో గ్రామీ 2020లో వచ్చింది, అదీ గాస్పెల్‌కి, అంటే చర్చి పాటలకి.

అందుకని మీ పాటల్లో మూడో వంతైనా డిస్కో కానివి ఉంచుకోండి, అదే గొంతుతో నెమ్మదిగా పాడగలిగేవి. వయసుతో పై స్వరాలు తగ్గుతాయి. అప్పుడు ట్రాకుల్ని 2 సెమిటోన్లు దించి మళ్ళీ కలపాలంటే ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న ఫైళ్ళు కావాలి. కలిపేసిన పాటని కంప్యూటర్‌తో దించితే డ్రమ్స్ మెత్తబడతాయి. రికార్డింగ్ రోజునే ఆ విడి ఫైళ్ళు అడిగి తీసుకుని, పేర్లలో వేగం, శృతి, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి.

వీలునామా కూడా రాయండి. 1988లో చనిపోయిన సిల్వెస్టర్ తన పాటల మీద ముందుముందు వచ్చే డబ్బుని ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేసే సంస్థలకి రాసిపెట్టాడు. మీది ఎవరికి రాసినా సరే, దానితోపాటు పాటల జాబితా, ఐ.ఎస్.ఆర్.సి. నంబర్లు, ఒప్పందాల నకళ్ళు ఉన్న చోటు, రాయల్టీ సంఘంలో మీ సభ్యత్వ సంఖ్య జతచేయండి.